లైటా? తుపాకీనా?

ఈ సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాయమని విద్యార్థి సంఘం పిల్లలు వచ్చి అడిగినప్పుడు, "దేన్ని గురించి రాయమంటారు నాయనా?" అన్నాను. "మీ ఇష్టం సార్. మీరు చదువుకునే రోజుల్లో బాగా తెలుసుకున్న సంగతి ఏదైనా..." అన్నారు. బాగా తెలుసుకున్న సంగతి అంటే, పాఠ్యపుస్తకాల కన్నా ఎక్కువ రాత్రులు మేలుకొని నేను చూసింది ఒక్కటే ఉంది. అది ఒక కంప్యూటరు ఆటకు వచ్చిన అనుబంధం. పేరు 'డూమ్ 3: రిసరెక్షన్ ఆఫ్ ఈవిల్'. కాలేజీ సావనీరులో ఆటల గొడవ ఏమిటని లెక్చరరు మిత్రులు ముక్కున వేలేసుకోవద్దు. ఇందులో కొంత భౌతికశాస్త్రం ఉంది, కొంత లెక్క ఉంది. మా నాయన కూడా ఉన్నాడు.

మొదట అసలు ఆట సంగతి. 'డూమ్' 1993 డిసెంబరు 10న వచ్చింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఐడి సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. జాన్ కార్మాక్, జాన్ రొమేరో అందులో ముఖ్యులు. ఒంటరి సైనికుడు ఒకడు, అంగారక గ్రహం దగ్గర ఒక స్థావరం, అక్కడ నరకానికి తలుపులు తెరుచుకొని భూతాలు బయటికి రావడం... కథ అంతే. కానీ ఆ సైనికుడు మీకు కనపడడు. కంప్యూటరు తెరే మీ కళ్లు. మీకు కనపడేది మీ చెయ్యీ, దానిలోని తుపాకీ మాత్రమే. 9 మ్యాపుల మొదటి భాగాన్ని ఊరికే పంచిపెట్టి, మిగిలినది కావాలంటే డబ్బు కట్టమన్నారు. ఆ మొదటి భాగాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కంప్యూటరులో పెట్టబోతే, దాని కోసం ముందే కాచుకొని కూర్చున్న జనం ఎక్కువై, పెట్టవలసిన వాళ్లకే లోపలికి దారి దొరకలేదట. విద్యార్థులు ఏ దేశంలోనైనా విద్యార్థులే.

మరి అనుబంధం అంటే ఏమిటి? సురభి నాటకాలు చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ సమాజం వాళ్లకు తెరలు, తాళ్లు, కప్పీలు, దీపాలు ఎప్పుడూ ఉన్నవే. ఈ రాత్రి ఒక నాటకం, రేపు రాత్రి ఇంకొకటి. యంత్రాంగం మారదు, కథా వేషాలూ మారతాయి. డూమ్ తయారుచేసినవాళ్లు సరిగ్గా ఇదే పని చేశారు. ఆట నడిపే యంత్రాంగాన్ని ఒక పక్కన పెట్టి, బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు అన్నిటినీ 'వాడ్' అనే వేరే ఫైలులో మూటగట్టారు. ఆ మూట మారిస్తే ఆట మారిపోతుంది. దాంతో బయటివాళ్లు సొంతంగా మ్యాపులు గీయడం మొదలుపెట్టారు. 1996లో వచ్చిన 'ఫైనల్ డూమ్'లో సగం, కాసాలి అనే ఇద్దరు అన్నదమ్ములు గీసిన మ్యాపులే. ఆ చరిత్ర పెద్దది, ఇక్కడ వదిలేస్తాను.

2004 ఆగస్టులో 'డూమ్ 3' వచ్చింది. 2005 ఏప్రిల్‌లో దానికి అనుబంధంగా 'రిసరెక్షన్ ఆఫ్ ఈవిల్' వచ్చింది. దీన్ని ఐడి వాళ్లతో కలిసి నర్వ్ సాఫ్ట్‌వేర్ అనే మరో కంపెనీ చేసింది. అసలు ఆట లేనిదే ఇది నడవదు. డూమ్ 3 దాచుకునే చోటులోనే 'డి3ఎక్స్‌పి' అనే చిన్న సంచీలాగా వచ్చి చేరుతుంది. అందులోని 'పికె4' ఫైళ్లు పేరు మార్చుకున్న జిప్ ఫైళ్లేనని కనిపెట్టిన రోజు మా గదిలో పండుగ చేసుకున్నాం.

మా గది అంటే హాస్టల్లో నలుగురం. 2006లో చందాలు వేసుకొని విడి భాగాలు కొని బిగించిన కంప్యూటరు ఒకటి ఉండేది. ఆటకు కనీసం 1.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, 384 ఎంబీ మెమరీ, 64 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు కావాలి. మా దగ్గర ఉన్న మెమరీ 256. ఇంకో 256 కొనడానికి ఒక నెల మెస్సు బిల్లు ఆలస్యంగా కట్టాం. మూడు సీడీల అసలు ఆట, ఒక సీడీ అనుబంధం. అవి ఎట్లా వచ్చాయని ఇప్పుడు అడక్కండి, మేము పెద్ద మనుషులమైపోయాం.

ఇక లైటు సంగతి. ఈ ఆట భయమంతా అక్కడే ఉంది.

తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఉంటుంది, దీపానికీ తెరకూ మధ్య బొమ్మ ఉంటుంది. బొమ్మ కదిలితే నీడ కదులుతుంది. ఇది మనకు ఎంత సహజంగా తోస్తుందో, కంప్యూటరుకు అంత కష్టం. అంతకు ముందు ఆటల్లో, 1996 నాటి 'క్వేక్'లో సైతం, గోడ మీద నీడ ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టి రంగు వేసినట్టు వేసి పెట్టేవారు. దీపం ఊగినా ఆ నీడ ఊగదు. డూమ్ 3లో కార్మాక్ ఆ పద్ధతి తీసేసి, ప్రతి దీపానికీ ప్రతి వస్తువు నీడనూ క్షణక్షణం కొత్తగా లెక్కించేట్టు చేశాడు. పైకప్పు నుంచి వేలాడే దీపం ఊగితే గదంతా ఊగుతుంది.

ఆ లెక్క ఎట్లాగంటే, దీపం నుంచి వస్తువు అంచుల మీదుగా గీతలు గీసి, వస్తువు వెనకకు అనంతంగా సాగదీస్తే ఒక చీకటి గుడారంలాంటిది ఏర్పడుతుంది. ఒక చోటు ఆ గుడారం లోపల ఉందా బయట ఉందా అన్నది తేలాలి. శ్రీకాళహస్తి గుడికి పోయినట్టు అనుకోండి. ప్రాకారం లోపలికి పోతే ఒకటి కలపండి, బయటికి వస్తే ఒకటి తీసేయండి. చివరికి సున్నా మిగిలితే మీరు బయట ఉన్నట్టు, ఒకటో రెండో మిగిలితే లోపల ఉన్నట్టు. చూసేవాడి కన్ను దగ్గర నుంచి వస్తువు దాకా ఇట్లా లెక్కిస్తూ పోతే చాలు. కానీ ఒక చిక్కుంది. లెక్క మొదలుపెట్టేవాడే గుడి లోపల నిలబడి ఉంటే? వాడు సున్నాతో మొదలుపెడతాడు, లెక్క తప్పుతుంది. చీకట్లో నక్కి నిలబడడమే పనిగా ఉన్న ఆటలో ఇది నిమిషానికోసారి జరుగుతుంది. దానికి విరుగుడు, వస్తువుకు ఇవతలి గోడలు లెక్కించడం మాని అవతలి గోడలు లెక్కించడం. దీనికి 'కార్మాక్స్ రివర్స్' అని పేరు పడిపోయింది గానీ, క్రియేటివ్ కంపెనీ వాళ్లకు అప్పటికే దాని మీద పేటెంటు ఉంది. 2011 నవంబరులో ఈ ఆట ప్రోగ్రామును అందరికీ ఇచ్చేసేటప్పుడు, ఆ పేటెంటు గొడవ వల్ల ఆ భాగాన్ని కొంచెం మార్చి మరీ ఇవ్వవలసి వచ్చింది.

ఈ పద్ధతిలో నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. నీడ లోపల ఏమీ లేదు. నలుపు, అంతే. నిజమైన గదిలో గోడ మీద పడిన వెలుగు ఎగిరి ఇంకో గోడ మీద పడుతుంది, అందుకే మూలల్లో కూడా కొంచెం కనపడుతుంది. డూమ్ 3లో అట్లా ఎగిరే వెలుగు లేదు. కాబట్టి సైనికుడికి ఒక టార్చి లైటు ఇచ్చారు. ఇచ్చి, ఒక కిరాతకమైన నియమం పెట్టారు. లైటు పట్టుకుంటే తుపాకీ పట్టుకోలేవు. తుపాకీ పట్టుకుంటే లైటు పట్టుకోలేవు.

ఆట వచ్చినప్పుడు లోకమంతా దీన్ని ఆడిపోసుకుంది. అంగారకుడి దాకా పోయిన మనుషులకు తుపాకీకి లైటు కట్టే తాడు దొరకలేదా అని. కొద్దిరోజుల్లోనే గ్లెన్ మర్ఫీ అనే ఆయన 'డక్ట్ టేప్' అనే పేరుతో ఒక చిన్న మార్పు తయారుచేసి పంచిపెట్టాడు. అది వేసుకుంటే తుపాకీకి లైటు టేపుతో చుట్టినట్టు అతుక్కుంటుంది. మా గదిలో ముగ్గురు దాన్నే వేసుకొని ఆడేవాళ్లు. నేను మాత్రం వేసుకోలేదు. భయం కోసం కొనుక్కున్న ఆటలో భయం తీసేసుకుంటే ఏం మిగులుతుంది? లైటు వేసి గదిని చూసి, ఎక్కడ ఏముందో జ్ఞాపకం పెట్టుకొని, లైటు ఆర్పి, ఆ జ్ఞాపకం మీదికి తుపాకీ పేల్చాలి. గురి చూసేది కంటితో కాదు, జ్ఞాపకంతో. ఆ ఆట మొత్తంలో గొప్ప సంగతి ఇదొక్కటే అని నా అభిప్రాయం. తక్కిన భయాలు చవకవి. ఒక వస్తువు తీసుకోగానే వెనక గోడలో అర తెరుచుకొని భూతం దూకుతుంది. నాలుగుసార్లు భయపడతాం, అయిదోసారి వెనక్కి తిరిగే వస్తువు తీసుకుంటాం.

నేను ఆ టేపు వేసుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ఊరు పలమనేరు పక్కన. రాత్రి పూట మోటరుకు కరెంటు వచ్చే రోజుల్లో మా నాయన ఏ పదకొండుకో ఒంటిగంటకో లేచి టమోటా తోటకు నీళ్లు కట్టడానికి పోయేవాడు. ఒక చేతిలో మూడు సెల్లుల బ్యాటరీ లైటు, ఇంకో చేతిలో కట్టె. గట్టు మీద కట్లపాము కనపడితే కట్టె కావాలి. మడవ తిప్పాలంటే పార కావాలి. పార పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. అప్పుడు లైటు చంకలో పెట్టుకునేవాడు, లేదా నోట కరుచుకునేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో లైటు పట్టుకునే ఉద్యోగం నాది. "కాళ్ల ముందర వెయ్యిరా, ఆకాశానికి కాదు" అని తిట్లు తినేవాణ్ణి. అంగారకుడి మీద ఆ సైనికుడి అవస్థ చూసి తక్కినవాళ్లు నవ్వినప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఇక అనుబంధానికి వస్తాను. అందులో 12 అంచెలున్నాయి. ఎరెబస్ అనే తవ్వకాల చోట 6, ఫోబోస్ ప్రయోగశాలల్లో 4, డెల్టాలో ఒకటి, చివరికి నరకంలో ఒకటి. అసలు కథ జరిగిన రెండేళ్ల తర్వాత కొత్త సైనికుడొకడు తవ్వకాల్లో దొరికిన గుండెకాయలాంటి ఒక వస్తువును చేత్తో తాకుతాడు. పక్కనున్న తోటివాళ్లంతా ఆ క్షణంలోనే చచ్చిపోతారు. నరకం తలుపులు మళ్లీ తెరుచుకుంటాయి. ఆ వస్తువు మాత్రం వాడి చేతికే అంటుకొని ఉండిపోతుంది. దాన్ని తిరిగి లాక్కోవడానికి నరకం నుంచి ముగ్గురు వేటగాళ్లు వస్తారు. ఒక్కొక్కణ్ణి చంపినప్పుడల్లా ఆ గుండెకాయకు ఒక్కో శక్తి వస్తుంది. మొదటిది కాలాన్ని నెమ్మదింపజేయడం, రెండోది ఒక్క గుద్దుతో భూతాన్ని ముక్కలు చేసే ఉన్మాదం, మూడోది దెబ్బ తగలకపోవడం. ఇంకా రెండు ఆయుధాలు ఇచ్చారు. 1994 నాటి 'డూమ్ 2'లోని జోడు గొట్టాల తుపాకీ తిరిగి వచ్చింది. 'గ్రాబర్' అనే పనిముట్టుతో భూతం విసిరిన నిప్పుముద్దను గాలిలోనే పట్టుకొని దాని మీదికే విసరవచ్చు. క్రికెట్లో క్యాచ్ పట్టినంత ఆనందం అది. మా గదిలో కేకలు విని వార్డెను రెండుసార్లు వచ్చిపోయాడు.

ఇన్ని ఇచ్చిన తర్వాత భయం ఎక్కడ ఉంటుంది? నిజంగానే తగ్గింది. అందులో ఒక విచిత్రం గమనించాను. ఆ గుండెకాయ పనిచెయ్యాలంటే మనుషుల శవాల నుంచి ప్రాణశక్తిని పీల్చుకోవాలి. ఒకసారికి మూడు మాత్రమే దాచుకోగలదు. అసలు ఆటలో నేల మీద శవం కనపడితే గుండె ఝల్లుమనేది. ఎందుకంటే కొన్ని శవాలు ఊరికే పడి ఉంటాయి, కొన్ని లేచి మీదికి వస్తాయి. అనుబంధంలో ఆరు గదులు దాటేసరికి శవం కనపడితే, "అబ్బ, ఒకటి దొరికింది" అని పెట్రోలు బంకు చూసినట్టు చూడడం మొదలుపెట్టాను. భయపెట్టిన వస్తువే సరుకు అయిపోయింది. ఆట తయారుచేసినవాళ్లు కావాలని చేశారో, చూసుకోక చేశారో గానీ, భయం ఎట్లా పుడుతుందో అసలు ఆట నేర్పింది, ఎట్లా చస్తుందో అనుబంధం నేర్పింది.

2007లో ఒక రాత్రి. ఎరెబస్ అయిదో అంచె. మా నలుగురిలో ఆడుతున్నది నేను. సరిగ్గా తలుపు తెరుచుకునే క్షణంలో హాస్టలు కరెంటు పోయింది. నలుగురం ఒక్కసారిగా అరిచి, తర్వాత విరగబడి నవ్వాం. ఆ నవ్వులోనే నా సెల్లు మోగింది. పక్కింటి వాళ్ల నంబరు, మాట్లాడింది అమ్మ. "మీ నాయన పదకొండుకు మోటరు కాడికి పోయినాడు. ఒంటిగంట దాటిపాయ, ఇంకా రాలా. మామిడి తోపులో ఏనుగులు దిగినాయంట. ఊళ్లోవాళ్లు టపాసులు తీసకపోయినారు."

మా పక్క ఏనుగుల సంగతి తిరుపతి వైపు వాళ్లకు అంతగా తెలియదు. 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఇటు వచ్చి నిలిచిపోయాయి. 1990లో వాటి కోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అడవికి గీత గీయవచ్చు గానీ ఏనుగుకు చదువు రాదు గదా. చెరుకు, అరటి, వరి ఏది కనపడితే అక్కడికి వస్తాయి.

అప్పటికి తిరుపతీ పలమనేరూ ఒకటే జిల్లా. 2022 ఏప్రిల్‌లో గదా తిరుపతి వేరు జిల్లా అయింది. ఒకటే జిల్లా అయినా చిత్తూరు మీదుగా దాదాపు 110 కిలోమీటర్లు. చెప్పులు వేసుకొని బస్టాండుకు నడిచాను. రెండు దాటాక బెంగుళూరు బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చొని ఘాటు రోడ్డు చీకటిని చూస్తూ పోయాను. ఆటలో ఎక్కడ తప్పు చేసినా ముందు దాచుకున్న చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆ దారిలో నాకు పదేపదే గుర్తుకు వచ్చిన సంగతి అదొక్కటే.

తెల్లవారుజామున ఇంటికి చేరేసరికి మా నాయన వాకిట్లో వేపపుల్ల నములుతున్నాడు. నన్ను చూసి, "ఏమిరా, పరీక్షలు లేవా?" అన్నాడు.

జరిగింది ఇది. కొమ్మలు విరిగే చప్పుడు వినపడగానే లైటు ఆర్పి, మోటరు కొట్టం వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మూడు గంటల సేపు కదలలేదు. "లైటు వెయ్యకుండా ఎట్లా కూర్చున్నావు నాయనా?" అన్నాను. "వేస్తే వాటికి నేను కనపడతా. ఆర్పితే నాకు అవి కనపడతాయి" అన్నాడు. "ముందు ఏమీ కనపడలా. కూర్చోంగా కూర్చోంగా తోపంతా తెల్లగా తేలింది. ఐదు. కాదు, గున్నతో ఆరు."

ఇది మాయ కాదు. కంటి వెనక పొరలో మసక వెలుగును పట్టే కణాలు వేరే ఉన్నాయి. వెలుగు పోయాక అవి పూర్తిగా మేలుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి లైటు వేస్తే చాలావరకు మళ్లీ మొదటికి రావలసిందే. ఇంటర్మీడియట్లో ఇది చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ మా నాయన చెప్పేదాకా అది నా బుర్రకు ఎక్కలేదు. డూమ్ 3 చీకట్లో ఎంతసేపు కూర్చున్నా ఏమీ తేలదు. అక్కడి నలుపు ఎప్పటికీ నలుపే. నీడ లెక్క అంత బ్రహ్మాండంగా చేసిన కార్మాక్ చూసేవాడి కన్ను లెక్క చేర్చలేదు. చేర్చి ఉంటే, లైటు ఆర్పి ఓపికగా కూర్చున్నవాడికి గది కనపడే ఆట ఒకటి తయారయ్యేది. దాన్ని ఎవరూ కొనేవాళ్లు కాదేమో. కదలకుండా అరగంట కూర్చోవడానికి మనకు ఓపిక ఎక్కడుంది?

వారం రోజులు కంప్యూటరు ముట్టలేదు. తర్వాత పూర్తిచేశాను. చివరి నరకం అంచె గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఎర్రటి రాళ్లు, వెలుగు ధారాళం, రెక్కల రాక్షసుడొకడు. అసలు ఆటలో విలనుగా ఉన్న శాస్త్రవేత్త బెట్రూగరే ఆ రూపం ఎత్తాడు. ఆ గుండెకాయను వాడి నోట్లో కుక్కడంతో కథ ముగుస్తుంది. మూడు శక్తులూ చేతిలో ఉన్నవాడికి అది పెద్ద పని కాదు. నాకు నచ్చినవి మొదటి ఎరెబస్ అంచెలే. అక్కడ ఇంకా ఆ గుండెకాయకు శక్తులు రాలేదు, లైటూ తుపాకీల తగాదా అట్లాగే ఉంది. ఇప్పుడు ఎవరైనా ఆడదలిస్తే అక్కడిదాకా తప్పకుండా ఆడమంటాను, తర్వాత మీ ఇష్టం.

2012 అక్టోబరులో అసలు ఆట, ఈ అనుబంధం, 'లాస్ట్ మిషన్' అనే ఇంకో చిన్న అనుబంధం అన్నీ కలిపి 'బిఎఫ్‌జి ఎడిషన్' అని మళ్లీ వేశారు. అందులో లైటును సైనికుడి కవచానికి బిగించేశారు. తుపాకీ చేతిలో ఉండగానే వెలుగు ఉంటుంది. కాసేపటికి బ్యాటరీ తగ్గి మళ్లీ నిండుతుంది. ఎనిమిదేళ్ల తగాదా అట్లా పరిష్కారమైంది. నేను కొని ఆడాను. రెండో రోజుకు ఆపేశాను.

అయితే అది చూసి నాకు ఒక ఆలోచన వచ్చి, ఆ సంక్రాంతికి ఊరికి పోతూ మా నాయనకు తలకు కట్టుకునే లైటు ఒకటి కొని తీసుకుపోయాను. రెండు రాత్రులు కట్టుకొని పోయాడు. మూడో రోజు పొద్దున నా చేతికి ఇచ్చేశాడు. "చేతులు రెండూ ఖాళీగానే ఉండాయి గానీ, పురుగులన్నీ మొగం మీదికే వస్తాండాయిరా. ఆర్పాలంటే చెయ్యి నెత్తికి పోవాల" అన్నాడు.

మళ్లీ పోయేసరికి అది కొట్టంలో గుంజకు వేలాడుతోంది. అమ్మ పాలు పిండేటప్పుడు వేసుకుంటుందట.